పక్కింటి నీళ్ళు

సుద్దగీత ఖుద్దూస్ దుకాణం షట్టరు మీద మోకాలెత్తున పడింది.

మునిసిపాలిటీ మనుషులిద్దరు సందు ఆ చివరా ఈ చివరా నిలబడి తాడు బిగించి పట్టుకుంటే, మూడోవాడు తాడు తగిలిన చోటల్లా గోడల మీద గీసుకుంటూ వస్తున్నాడు. పైన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆ గీత నేలను అంటుకునే ఉంది. లేడీస్ హాస్టల్ దాటాక, జిరాక్సు కొట్టు దగ్గర చీలమండ దాకా లేచింది. సందు దిగువకు వాలిన కొద్దీ గీత గోడల మీద పైకి పాకింది. ఖుద్దూస్ పరుపుల దుకాణం పక్కనే వజ్రమ్మ పిండి గిర్నీ. సందులో అన్నిటికంటే పల్లం అదే. అక్కడ గీత తలుపు రెక్క మీద, గొళ్ళేనికి జానెడు కిందగా పడింది. ఆ తర్వాత సందు మళ్ళీ ఎత్తెక్కి, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య నుంచి అమీర్‌పేట మెయిన్ రోడ్డులో కలుస్తుంది.

ఖుద్దూస్ దూది కొట్టే కట్టె పక్కన పడేసి, గడ్డంలో చిక్కుకున్న పోగులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డ ఇంజనీరు రవికాంత్‌కు సలాం కొట్టాడు.

"సార్, గిదేంది? గీత మా దుకాణం లోపటికే వచ్చింది."

"సీసీ రోడ్డు ఇంత ఎత్తు వస్తది. సందు మధ్యల గుంటుంది కదా, లెవెల్ చేస్తున్నం."

"గుంటల మేమున్నం గద సార్."

రవికాంత్ తాడు వైపు చూశాడు. చిన్నవాడు. ముప్పై దాటినట్టు లేడు. చొక్కా జేబుకు పెన్నూ, సెల్‌ఫోనూ రెండూ తగిలించుకుని ఉన్నాడు.

గిర్నీ చప్పుడు ఆగింది. వజ్రమ్మ బయటికొచ్చింది. కనుబొమల మీదా చెవుల మీదా జొన్నపిండి. తన తలుపు మీది గీత మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఉంచి, గదిలోకి తొంగిచూసింది. లోపల గచ్చు మీద మిషను కనబడుతోంది. దాని వెనక గదిలో, ఇటుకల మీద ఎత్తిపెట్టిన మంచం.

"పాత రోడ్డు తవ్వి ఏస్తే గింత ఎత్తు రాదు గద సారూ," అంది.

"ఎస్టిమేట్‌ల తవ్వుడు లేదమ్మా. తవ్వితే కింద పైపులుంటయి, కేబుళ్ళుంటయి. డ్రైనేజీ మోరీ పని వేరే డిపార్ట్‌మెంట్‌ది."

"మరి నీళ్ళు ఏ డిపార్ట్‌మెంట్‌వి సార్?" అన్నాడు ఖుద్దూస్.

తాడు పట్టుకున్నవాడు కిసుక్కున నవ్వాడు. ఖుద్దూస్ నవ్వించడానికి అడగలేదు. రవికాంత్ కూడా నవ్వలేదు. మనుషుల్ని ముందుకు పంపి, తను ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"చూడండి. శనివారం వార్డు ప్లాన్ మీటింగుంది. ఈ ఏడు పైనుంచి కొత్తగ చెప్పిన్రు. ఏ పని పెట్టినా, దాంతోటి ఎవరికన్న ముంపు ఉంటదా అని బస్తీవాళ్ళను అడిగి రాయాలె. మీరొచ్చి ఉందని చెప్తే నేను రాసుకోక తప్పదు. రాస్తే ఎస్టిమేట్ మారుతది. తవ్వుడు పెట్టొచ్చు, పక్కన మోరీ పెట్టొచ్చు. నా అంతట నేను రాయలేను. అర్థమైందా?"

"వస్తం సార్. ఖచ్చితంగ వస్తం," అన్నాడు ఖుద్దూస్.

రవికాంత్ వెళ్ళాక వజ్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పిండి పోలేదు, చెంపల మీదికి పాకింది.

"నేను గిర్నీ ఇడిసిపెట్టి యాడికొస్త భాయ్? ఆయన్ని ఒక్కన్ని ఇడిసి అసలే రాను. నువ్వే చెప్పు. నీకు మాటొస్తది."

"చెప్తనక్కా. నువ్వు రాకున్నా రెండిండ్ల తరఫున నేనే చెప్తా."

*

మర్నాడు పొద్దున్నే ఖుద్దూస్ వజ్రమ్మ మొగుడు పోచయ్య పరుపు విప్పాడు. ఆమె వారం కిందట ఇచ్చింది. పక్షవాతం వచ్చి పడుకున్న మనిషి బరువు ఒకే చోట పడి, దూది రాయిలా గట్టిపడింది. హాస్టళ్ళకు వేసే పరుపయితే ఇంత శ్రమ అక్కర్లేదు. పాత దూదికి కాస్త కొత్త దూది కలిపి, కుదించి కుట్టేస్తే సరి. ఆడపిల్లలు జావా నేర్చుకున్నన్నాళ్ళు పడుకుని, ఉద్యోగం దొరగ్గానే వదిలేసి వెళ్తారు. ఇది అట్లా కాదు. ఖుద్దూస్ గడ్డలన్నీ వేళ్ళతో చిదిమి, కట్టెతో కొట్టి, పోగు పోగు విడదీశాడు. దుకాణమంతా తెల్లటి దుమ్ము లేచింది. వెనక గదిలో కుట్టు మిషను మీద దిండ్ల గలీబులు కుడుతున్న భార్య గులాబ్ బీ ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుంది.

కొత్త గుడ్డలో దూది నింపి, నాలుగు మూలలా సరిచేసి, దబ్బనంతో కుట్లు వేశాడు. నడుం దగ్గర కుట్లు దగ్గర దగ్గరగా, భుజాల దగ్గర ఎడంగా. చుట్ట చుట్టి భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళాడు.

గడప దాటి రెండు మెట్లు దిగితేగాని గిర్నీ గదిలోకి అడుగు పడదు. ఖుద్దూస్, వజ్రమ్మ కలిసి పోచయ్యను ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి పాతబొంత లాగేసి పరుపు పరిచారు. పోచయ్య ఒకప్పుడు గిర్నీ రాళ్ళకు తనే ఉలితో గంట్లు కొట్టేవాడు. ఆ కుడిచెయ్యి ఇప్పుడు పొట్ట మీద వాడిపోయి పడుంది. ఎడమ చేత్తో పరుపు తడిమి చూశాడు. నోరు ఒక పక్కకు లాగుతుంటే, మాట కూడదీసుకుని అన్నాడు.

"మెత్తగున్నది."

"మెత్తగుండాలె గద పోచన్నా. బరాబర్ ఉన్నదా నడుం కాడ?"

"మీటింగ్‌ల... నువ్వే చెప్పు. వజ్రమ్మ చెప్తే... కొట్లాటైతది."

వజ్రమ్మ మిషను దగ్గర నుంచి, "అవ్, నేను కొట్లాటదాన్నే," అంది. పోచయ్య మొహంలో కదిలే సగం నవ్వింది.

"నేనే చెప్తా," అన్నాడు ఖుద్దూస్. "నువ్వు ఫికర్ చెయ్యకు. మన రెండిండ్లకూ వచ్చేది ఒక్కటే నీళ్ళు."

వజ్రమ్మ డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆమె పట్టుబట్టి ఒక సంచిలో గోధుమపిండి పోసి చేతిలో పెట్టింది. బయటికొస్తూ ఖుద్దూస్ మోటారు వైపు చూశాడు. గచ్చు నుంచి బెత్తెడు ఎత్తున ఉంది. కిందటి ఏడు వానకు దాన్ని విప్పి ఎండబెట్టి, వైండింగు చేయించుకునేదాకా వజ్రమ్మ గిర్నీ మూతపడింది. అదే వానకు తన దుకాణంలో కింద వరసలో ఉన్న దూది బస్తాలన్నీ తడిసి, బూజు పట్టి, చెత్తబండి ఎక్కాయి. ఆ నెలంతా గులాబ్ బీ ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టి ఇల్లు గడిపింది.

*

శుక్రవారం సాయంత్రం బుచ్చిబాబు వచ్చాడు.

ఆయన పై అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. లేడీస్ హాస్టలూ ఆయనదే. భీమవరం వైపు మనిషి. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్నా మాటలో ఆ గోదారి సాగు పోలేదు. షట్టరు కింద తల వంచుకుని, జాగ్రత్తగా మెట్టు దిగి లోపలికొచ్చాడు. ఖుద్దూస్ స్టూలు తుడవబోతే వద్దని, కుట్టి పెట్టిన పరుపుల దొంతర మీద కూర్చున్నాడు.

"ఏంటండీ ఖుద్దూస్ గారూ, బాగా చేస్తున్నారే పరుపులు. మా హాస్టల్ పైన ఇంకో ఫ్లోరు లేపాం, చూశారుగా. ఆ మంచాలన్నిటికీ పరుపులూ దిళ్ళూ మీరే చెయ్యాలి. బయట ఫోము పరుపులు తెమ్మంటున్నారు మావాళ్ళు. నేనొప్పుకోలేదు. పక్కనే మన మనిషి ఉండగా బయటికెందుకు?"

"మీ దయ సార్."

"దయేం కాదండీ, పనితనం." బుచ్చిబాబు చేతులతో మోకాళ్ళు రాసుకున్నాడు. "రేపు మీటింగుకి వస్తున్నారట."

వెనక గదిలో కుట్టు మిషను ఆగింది.

"వస్తున్న సార్. గా రోడ్డు ఎత్తు..."

"తెలుసు. మీ బాధ న్యాయమైందే. కాదన్ను. కానీ ఒక్కటి ఆలోచించండి. మీరు లేచి ముంపు అన్నారనుకోండి, ఆ కుర్రాడు రాస్తాడు. ఫైలు వెనక్కి పోద్ది. మళ్ళీ ఎస్టిమేటు, మళ్ళీ శాంక్షను. ఈ ఏడాది రోడ్డు లేనట్టే. ఈ గుంటలో నిలబడ్డ నీళ్ళు మోరీలోంచి వెనక్కి తన్ని కిందటేడు మా సెల్లార్లోకొచ్చాయి. జనరేటర్ పోయింది. కార్లు పోయాయి. అసోసియేషన్ మీటింగులో నన్ను చొక్కా పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నా గోడూ వినాలి కదండీ మీరు."

ఖుద్దూస్ వింటున్నాడు. చేతిలో దబ్బనం ఉంది. దాని కొసను బొటనవేలి మీద ఆడిస్తున్నాడు.

"అంచేత నేనేం అనుకున్నానంటే, మీ దుకాణం లోపలి గచ్చూ, ముందు అరుగూ రోడ్డు కంటే ఇంకో జానెడు పైకి లేపించేస్తాం. మొరం, సిమెంటు, మేస్త్రీ కూలీ అంతా మాది. మీకు చుక్క నీరు రాదు. జీవితంలో రాదు. రోడ్డు పడిన మర్నాడే పని మొదలు."

"మరి వజ్రమ్మక్కకు?"

"ఆవిడకీ చూద్దాం. ఒకటి తర్వాత ఒకటి. అది అద్దె ఇల్లు కదా, ఓనరు సికింద్రాబాద్‌లో ఎక్కడో ఉంటాడు. ఆయన్ని అడక్కుండా ముట్టుకోకూడదు. మీదంటే సొంతం." లేచి నిలబడ్డాడు. "మీరు రోడ్డు వద్దనకుండా ఉంటే చాలు. అబద్ధం చెప్పమని నేనడగను."

వెళ్ళేటప్పుడు మెట్టు ఎక్కుతూ పైకి చూసి, "జాగ్రత్తండీ, తల కొట్టుకునేట్టుంది," అని నవ్వాడు.

ఖుద్దూస్ దబ్బనం పరుపు అంచుకు గుచ్చాడు. కాసేపటికి గులాబ్ బీ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఆమె ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. వజ్రమ్మ ఇచ్చిన పిండితో పొద్దున రొట్టెలు చేసింది ఆమే.

"మేస్త్రీ ఎప్పుడొస్తడంట?" అంది గులాబ్ బీ.

*

మీటింగు వార్డు ఆఫీసు పైన హాల్లో. ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. ముందు వరసలో అపార్ట్‌మెంట్ల వాళ్ళు, వెనక బస్తీవాళ్ళు. కార్పొరేటర్ మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు. రవికాంత్ నిలబడి ఒక్కో పని చదివి, అడగాల్సింది అడిగి, రాసుకుంటున్నాడు. వీధిదీపాలు అయ్యాయి. పార్కు గోడ అయింది.

"మైత్రీవనం వెనక సందు, సీసీ రోడ్డు. దీంతోటి ఎవరికన్న ముంపు ప్రమాదం ఉందా? ఉంటే చెప్పండి."

ఆ మాట అంటూ ఆయన నేరుగా ఖుద్దూస్ వైపు చూశాడు.

ఖుద్దూస్ లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి గచ్చు మీద కీచుమంది. ముందు వరసలో బుచ్చిబాబు వెనక్కి తిరగలేదు. కళ్ళజోడు తీసి, కండువాతో అద్దాలు తుడుచుకుంటున్నాడు. హాల్లో అందరూ తననే చూస్తున్నట్టనిపించింది ఖుద్దూస్‌కు. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. నాలుక దాన్ని దాటేసింది.

"రోడ్డు జల్ది పడాలె సార్. వానలు దగ్గరికొచ్చినయ్."

రవికాంత్ పెన్ను ఆగింది. "అంతేనా?"

"అంతే సార్."

కూర్చోబోతూ అప్పుడు చూశాడు వజ్రమ్మను. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. గిర్నీ కట్టేసి వచ్చింది. ఎవరినో బతిమాలి మొగుడి దగ్గర కూర్చోబెట్టి ఉంటుంది. జుట్టుకు నూనె రాసి దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. అయినా జాకెట్టు చేతుల అంచున పిండి ఉంది. ఖుద్దూస్ మళ్ళీ లేస్తాడని ఆమె చూస్తోంది. మాట మధ్యలో ఆపాడని, మిగతాది ఇప్పుడు చెప్తాడని చూస్తోంది.

ఖుద్దూస్ లేవలేదు.

"సారూ," అంది వజ్రమ్మ. గొంతు పెద్దదే, హాలంతా వినబడింది. "మా ఇంట్లకు నీళ్ళొస్తయ్ సారూ. రోడ్డు గట్లేస్తే మా ఇల్లు నీళ్ళ బాయైతది. తవ్వి ఏయమని చెప్పనీకి వచ్చిన."

కార్పొరేటర్ ఫోన్లోంచి తలెత్తాడు. "ఏది మీ ఇల్లు?"

"పరుపుల దుకాణం పక్కది. గిర్నీ."

రవికాంత్ ఖుద్దూస్ వైపు తిరిగాడు. ఆ మొహంలో ఒక ఆశలాంటిది ఉంది. ఇంకో అవకాశం ఇస్తున్నట్టు, మెల్లగా అడిగాడు. "మీ పక్కిల్లే కదా ఖుద్దూస్ భాయ్. మీకొస్తయా నీళ్ళు?"

బుచ్చిబాబు అద్దాలు తుడవడం ఆపాడు.

"మాకు రావు సార్," అన్నాడు ఖుద్దూస్.

అది అబద్ధం కాదని అంటున్నప్పుడే తనకు తాను చెప్పుకున్నాడు. అరుగు లేచాక నిజంగానే రావు.

"ఆయనకు రాని నీళ్ళు నీ ఒక్క ఇంటికే ఎట్లొస్తయమ్మా?" అన్నాడు కార్పొరేటర్. "నీళ్ళు సుత నీ గిర్నీకి పిండి పట్టించుకోనీకి వస్తయా ఏంది?"

హాలు నవ్వింది. వెనక వరసల్లో బస్తీవాళ్ళు కూడా నవ్వారు. రవికాంత్ కార్పొరేటర్ వైపు ఒకసారి చూసి, 'ముంపు లేదు' అని చిన్నగా రాసి, కాగితం తిప్పి, తర్వాతి పని చదివాడు.

వజ్రమ్మ కొట్లాడలేదు. ఖుద్దూస్ తల వంచుకునే ఉన్నాడు. అతనికి ఆమె కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. అవి కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత లేవు.

*

రోడ్డు పడింది. కాంక్రీటు తడి ఆరకముందే దాని మీద పిల్లలెవరో పేర్లు గీశారు. పైన గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా సందు సమంగా, తెల్లగా, కొత్తబట్టలా పరుచుకుంది. హాస్టల్ ఆడపిల్లలు సాయంత్రాలు దాని మీద సెల్‌ఫోన్లు చెవికి పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నారు.

బుచ్చిబాబు మాట తప్పలేదు. చెప్పిన రోజునే మేస్త్రీ రాజనర్సయ్య మొరం బండితో దిగాడు. దుకాణంలో సామాను ఒక మూలకు సర్ది, మొరం పోసి, దిమ్మెసతో కొట్టి, షాబాదు బండలు పరిచాడు. గచ్చు లేచిన కొద్దీ పైకప్పు కిందికి దిగింది. ఖుద్దూస్ దూది కొట్టడానికి కట్టె ఎత్తితే రేకులకు తగిలింది. ఇక నుంచి కూర్చునే కొట్టాలి.

ముందు అరుగుకు సిమెంటు వేస్తూ రాజనర్సయ్య తాపీ ఆపి అడిగాడు. "నీళ్ళు ఎటు తియ్యాలె భాయ్?"

"సీదా రోడ్డు మీదికి తియ్యి."

"రోడ్డు మీదికి తీసినా అది సుత అటే వాలుతది." గిర్నీ వైపు గడ్డం చూపించాడు. "ఇటు పక్క ఎత్తు. పోతే అటే పోవాలె."

ఖుద్దూస్ లోపలికి వెళ్ళి బస్తాలు సర్దసాగాడు. మేస్త్రీ కాసేపు చూసి, భుజాలు ఎగరేసి, తాపీతో సిమెంటును గిర్నీ వైపుకు నున్నగా వాలు లాగాడు.

వజ్రమ్మ గుమ్మం ముందు ఇప్పుడు రోడ్డు ఆమె నడుం దాకా ఉంది. రోడ్డు మీంచి దిగడానికి ఆమె సిమెంటు ఇటుకలు పేర్చి మెట్లు చేసుకుంది. ముసలివాళ్ళు పైనుంచే గోధుమల డబ్బా అందించి, పైనుంచే పిండి తీసుకుంటున్నారు. కొందరు యూసుఫ్‌గూడ రోడ్డులో ఇంకో గిర్నీకి పోతున్నారు. ఖాళీ గోనెసంచుల్లో ఇసుక నింపి ఆమె గడప ముందు అడ్డంగా పేర్చింది. ఒక్కో సంచీ ఈడ్చుకుంటూ తెస్తుంటే ఖుద్దూస్ అరుగు దిగి చెయ్యి వెయ్యబోయాడు.

"ఉండనియ్ భాయ్. అయిపోయింది," అంది ఆమె, ఎప్పటి గొంతుతోనే.

తిట్టలేదు. అడగలేదు. దారిలో ఎదురైతే మొహం తిప్పుకోలేదు. "తిన్నవా భాయ్" అని కూడా అంది ఒకరోజు. ఆ రోజు ఖుద్దూస్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఒకసారి గేటు దగ్గర బుచ్చిబాబును ఆపి, "సార్, వజ్రమ్మక్క సంగతి?" అని అడిగాడు. "ఓనరు ఫోన్ ఎత్తట్లేదండీ," అన్నాడాయన. "పరుపులు ఎంతవరకొచ్చాయి?"

*

మిరుగం కార్తె మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం పంజాగుట్ట వైపు నుంచి నల్లబడింది. గాలి లేదు. ఒక్కసారిగా, బస్తాలు కుమ్మరించినట్టు, వాన దిగింది.

ఖుద్దూస్ దుకాణంలో హాస్టల్ పరుపులు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, గోడ పొడుగునా దొంతరలు పెట్టి ఉన్నాయి. అతను గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. రోడ్డు మీద నీళ్ళు పలచగా పారుతూ వచ్చాయి. అతని అరుగును తాకాయి. ఎక్కలేకపోయాయి. రేకుల మీంచి అరుగు మీద పడ్డ నీళ్ళు మేస్త్రీ లాగిన వాలు వెంట, ఒక్క క్షణం కూడా ఎక్కడా నిలవకుండా, గిర్నీ వైపుకు జారిపోతున్నాయి. గులాబ్ బీ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ పొడి బండల మీద పొడి కాళ్ళతో నిలబడి ఉన్నారు.

ఇద్దరు హాస్టల్ పిల్లలు గొడుగు కింద ముడుచుకుని పరుగెత్తుతూ వెళ్ళారు. "రోడ్డు ఎంత బాగుందే, కిందటిసారి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి," అంటోంది ఒకమ్మాయి.

ఇసుక సంచుల మీంచి నీళ్ళు దూకిన చప్పుడు ఖుద్దూస్‌కు వినబడింది. గిర్నీ ఠక్కున ఆగింది. వజ్రమ్మ మెయిన్ ఆపేసింది. ఆ తర్వాత ఆమె ఎవరినో పిలుస్తోంది. జిరాక్సు కొట్టు కుర్రాడిని పిలుస్తోంది. వానలో వాడికి వినబడటం లేదు. ఆమె ఇంకోసారి పిలిచింది. ఖుద్దూస్ పేరు మాత్రం పిలవలేదు.

"నిలబడ్డరేంది?" అంది గులాబ్ బీ. "పోండి. పోచన్నను తీస్కరాండి."

ఖుద్దూస్ దూకాడు. ఇటుక మెట్లు కొట్టుకుపోయాయి. గదిలో నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. పిండి డబ్బాలు తేలుతున్నాయి. తెల్లటి నురగ. వెనక గదిలో ఇటుకల మీద ఉన్న మంచం ఒక కోడు జారి పక్కకు ఒరిగింది. పోచయ్య ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతున్నాడు. అతని నడుం కింద పరుపు నీళ్ళు తాగి బరువెక్కి కిందికి లాగుతోంది. వజ్రమ్మ ఆయన చంకల కింద చేతులు వేసి, కాలు గోడకు తన్ని నిలబడి ఉంది.

ఆమె ఖుద్దూస్‌ను చూసింది. కాళ్ళ వైపు జరగమని కళ్ళతో చూపించింది.

ఇద్దరూ కలిసి ఎత్తారు. గడప దగ్గర రోడ్డు ఎత్తు ఎక్కించడానికి ఖుద్దూస్ తన భుజం అడ్డం పెట్టాడు. పోచయ్య తల అతని మెడ మీద వాలింది. పైనుంచి గులాబ్ బీ చెయ్యి అందించింది. ఎవరూ చెప్పకముందే దొంతర మీది పరుపు ఒకటి లాగి, ప్లాస్టిక్ కవరు చించేసి, దుకాణంలో నేల మీద పరిచింది. హాస్టల్‌కు పోవాల్సిన ఆ తెల్లటి పరుపు మీద పోచయ్యను పడుకోబెట్టారు. ఒంటి మీంచి బురద నీళ్ళు పరుపులోకి ఇంకాయి. గులాబ్ బీ ఆయన తడిబట్టలు తీసి, కొత్త గలీబుతో ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పింది.

పోచయ్య పళ్ళు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి ఆ వణుకు తగ్గింది. కళ్ళు తిప్పి ఖుద్దూస్ కోసం వెతికాడు.

"నువ్వు... ఉన్నవ్ కాబట్టి," అన్నాడు. "మీటింగ్‌ల సుత... నువ్వే కొట్లాడినవంట. గట్టిగ చెప్పినవంట. వజ్రమ్మ చెప్పింది. వాళ్ళే... ఇనలేదంట, దొంగ లంగలు."

ఖుద్దూస్ వజ్రమ్మ వైపు చూశాడు. ఆమె గుమ్మం దగ్గర వీపు ఇటు తిప్పి నిలబడి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. గులాబ్ బీ చేతిలో గలీబు ఆగింది.

వజ్రమ్మ మూలన ఉన్న బకెట్ తీసుకుని అరుగు మీదికెళ్ళింది. ఖుద్దూస్ వెనకే వెళ్ళాడు. వాన చప్పుడులో లోపలికి వినబడదు. అయినా గొంతు తగ్గించి అడిగాడు.

"ఎందుకట్ల చెప్పినవక్కా?"

"నీ కోసం చెప్పలే." ఆమె వాన వైపే చూస్తోంది. "ఆయనకు కాలు కదలదు. నేను బజారుకు పోతే, గోడకవతల ఖుద్దూస్ ఉన్నడని పండుకుంటడు. అది సుత లేదని తెలిస్తే నేను ఇల్లు దాటి ఎట్ల పోవాలె? గిర్నీ ఎట్ల నడపాలె?"

ఖుద్దూస్ అరుగు వాలు మీద జారుతున్న నీళ్ళ వైపు చూశాడు.

"నీళ్ళు తగ్గేదాక ఆయన్ని ఈడనే ఉంచుకో," అంది. "ఏమన్న అడిగితే గట్లనే చెప్పు. తప్పు చెప్పకు. ఇద్దరి మాట ఒక్కటుండాలె."

చీర ఎగదోపుకుని అరుగు మీంచి గిర్నీ గుమ్మంలోకి దిగింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, బకెట్ ముంచి, తలకు మించి ఎత్తి రోడ్డు మీద పోయడం మొదలుపెట్టింది.

లోపల్నుంచి పోచయ్య పిలిచాడు. ఖుద్దూస్ వెళ్ళి పరుపు పక్కన కూర్చున్నాడు.

"ఇగ చెప్పు," అన్నాడు పోచయ్య. ఒంటికి వెచ్చదనం తగిలి మాట కాస్త తేరుకుంది. "ఏమని... చెప్పినవ్ వాళ్ళకు? వజ్రమ్మ సక్కగ చెప్తలేదు."

గులాబ్ బీ లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

"చెప్పిన పోచన్నా," అన్నాడు ఖుద్దూస్. "నిలబడి చెప్పిన. సార్, మాకు రోడ్డు వద్దని కాదు, పాతది తవ్వి ఏయిండ్రి అన్న. మీరు ఎత్తు పెంచుకుంట పోతే మేం లోపటికి పోతున్నం అన్న. పక్కింట్ల కదలలేని మనిషున్నడు, వానొస్తే ఆయన్ని ఎవరు తీస్తరని అడిగిన. పెద్దోళ్ళ కార్లు తడవొద్దంటే మా ఇండ్లు ముంచుతరా అని అడిగిన. అందరి ముందట అడిగిన."

ఆ మాటలు ఎక్కడా తడబడకుండా వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, తేలిగ్గా వచ్చాయి.

"బుచ్చిబాబు ఉన్నడా?"

"ఉన్నడు. ఆయన మొఖం మీదనే అన్న."

"శభాష్," అన్నాడు పోచయ్య.

కదిలే చెయ్యి దుప్పట్లోంచి తీసి ఖుద్దూస్ మణికట్టు పట్టుకున్నాడు. నిద్రలోకి జారుకున్నాక కూడా ఆ పట్టు సడల్లేదు. ఖుద్దూస్ చెయ్యి లాక్కోకుండా, వంగిన నడుముతో, అలాగే కూర్చున్నాడు.